పచ్చడి సీసాలో సాలెపురుగు

మొన్న బాల్కనీలోని మొక్కలకు కొత్త మట్టి కలుపుదామని, ఇటుకలా గట్టిగా అదిమి అమ్మే కొబ్బరి పొట్టు తెచ్చి బకెట్లో వేసి నీళ్లు పోశాను. అది నీళ్లు పీల్చుకుని, ఉబ్బి, విచ్చుకుని, గోధుమరంగు ముద్దలా మారేసరికి తడి పీచు వాసన ఇల్లంతా కమ్ముకుంది. మా ఆయన లేచి కిటికీ తీశాడు. నేను మాత్రం మోచేతుల దాకా చేతులు అందులోనే పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. నాకు అది మొక్కల వాసన కాదు. ఒకప్పుడు మామిడికాయ పచ్చడి ఉండి, తర్వాత మూతకు మేకుతో చిల్లులు పొడిపించుకున్న ఒక గాజుసీసా వాసన. మా చిన్నప్పుడు ఆ సీసాలో ఒక సాలెపురుగు పెరిగింది.

సాలెపురుగంటే ఇంటి మూలల్లో బూజు అల్లే సన్నకాళ్లది కాదు. ఆర్మూరు చుట్టూ ఉన్న రాతిగుట్టల కింద, ఎర్రమట్టిలో వేలు పట్టేంత బొరియ చేసుకుని, లోపలి గోడలకు పట్టుగుడ్డలాంటి పొర కప్పుకుని బతికే రకం. ఒళ్లంతా నూగు, బలిసిన కాళ్లు, తొందరలేని నడక. దాన్ని టరాంటులా అంటారని కాలేజీలో చేరాక గాని నాకు తెలియలేదు. మా ఇంట్లో దానికి పేరు పెట్టలేదు. అమ్మ మా యాసలో 'గది', అంటే అది, అనేది, బాపమ్మ 'గా జీవి' అనేది. నేనూ బాపూ ఏమీ అనేవాళ్లం కాదు, మేం మాట్లాడుకుంటే దాని గురించేనని ఇద్దరికీ తెలుసు కాబట్టి.

మా ఇల్లు మార్కెట్ యార్డు వెనక గల్లీలో ఉండేది. చలి తగ్గుతుండగా చుట్టుపక్కల ఊళ్ల నుంచి పసుపు రావడం మొదలయ్యేది. పొలాల దగ్గర డ్రమ్ముల్లో ఉడకబెట్టి, ఎండబెట్టి, పొట్టు రాలేదాకా తిప్పి, గోనెసంచుల్లో నింపి తెచ్చిన పసుపు యార్డు నిండా కుప్పలుగా పోసేవాళ్లు. అమ్మ ఒక కమీషన్ దుకాణం తరఫున ఆ కుప్పల ముందు కూర్చుని, వేళ్లలా పొడుగ్గా ఉండే కాడి ఒకవైపు, గుండ్రటి గోళ ఒకవైపు ఏరేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె కనురెప్పల మీద కూడా పసుపే. ఆమె తల తుడుచుకున్న తువాలు, కూర్చున్న గడప, పిసికిన రొట్టెపిండి అన్నీ ఆ రంగుకే తిరిగేవి. బడి లేని రోజుల్లో గల్లీ పిల్లలమంతా ఖాళీ సంచుల గుట్ట మీది నుంచి దూకుడాట ఆడేవాళ్లం, హమాలీలు అదిలిస్తే తుమ్ముకుంటూ పారిపోయి, మళ్లీ ఇంకోవైపు నుంచి ఎక్కేవాళ్లం. ఆ రోజుల్లో ముక్కు చీదినా పచ్చగానే వచ్చేది.

ఇంటికి పెద్దదిక్కు బాపమ్మ, మా బాపును కన్న తల్లి. ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకుని పోయేది. ఆ చీర మీద పసుపు మరక కనిపిస్తే వారమంతా అమ్మతో ముభావంగా ఉండేది. అన్నం ముందు ప్రార్థన చేసేటప్పుడు ఒక కన్ను మూసి, రెండో కన్ను పిల్లి మీద ఉంచేది. క్రిస్మస్‌కు గరిజెలు చేసినప్పుడు లోపల కొబ్బరి, పుట్నాల పొడి, బెల్లం కూరి, అంచును గోటితో సన్నగా మడతలు వేసుకుంటూ పోయేది. ఆ గోటి అచ్చు చూసి ఏ గరిజె ఆమెదో, ఏది అమ్మదో చెప్పగలిగేదాన్ని. ఆ గరిజెలు పక్కింటి సత్తెవ్వకు పోయేవి, బతుకమ్మ రోజుల్లో సత్తెవ్వ రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దలు మా ఇంటికి వచ్చేవి.

ఇంట్లో లేనిది బాపు ఒక్కడే. నేను పాకుతున్నప్పుడు ఆయన మస్కట్ పోయాడు. మా గల్లీలో అలాంటి ఇళ్లు చాలా ఉండేవి కాబట్టి అదొక లోటని నాకు తోచలేదు. బాపు అంటే గోడ మీద ఫోటో, సబ్బు వాసన వేసే పార్శిళ్లు, ప్రతి శుక్రవారం సత్తెవ్వ ఇంటికి వచ్చే ఫోను. అమ్మ రిసీవరు నా చెవికి ఆనించి, "బాపు, మాట్లాడు" అనేది. అటువైపు నుంచి ఒక గొంతు "బిడ్డా, బిడ్డా" అని పిలిచేది. ఆ గొంతంటే నాకు భయం. ఊపిరి బిగబట్టి నిలబడి, అమ్మ చెయ్యి సడలగానే బయటికి ఉరికేదాన్ని.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు అక్కడి పని అయిపోయి ఆయన తిరిగొచ్చాడు. ఫోటోలో ఉన్నంత జుట్టు లేదు, ఫోటోలో లేని దగ్గు ఉంది. నేను తలుపు వెనక దాక్కున్నాను. కళ్లు మూసి తెరిచే బొమ్మ తెచ్చాడు, ఖర్జూరాలు తెచ్చాడు, రంగు కాగితాల చాక్లెట్లు తెచ్చాడు. చాక్లెట్లు తిన్నాను గాని ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఉన్న గదిలోకి నేను పోయేదాన్ని కాదు. అమ్మ అన్నానికి పిలవమంటే బాపమ్మ దగ్గరికి పోయి, "గాయన్ని అన్నానికి రమ్మంటుంది అమ్మ" అని చెప్పేదాన్ని. బాపమ్మ అదే మాటను రెండడుగుల దూరంలో కూర్చున్న కొడుకుకు అందించేది. ఆయన లేచి వచ్చి, తలవంచుకుని తినేవాడు. కోపం తెచ్చుకున్నట్టు ఎన్నడూ కనిపించలేదు. అన్నేళ్లు ఒంటరిగా ఉన్నందువల్లో ఏమో, ఆయనకూ మాటలు తక్కువే.

వానాకాలం మొదట్లో ఆయన కూలీకి పోవడం మొదలుపెట్టాడు. గుట్ట పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే పునాది గుంతలు తవ్వే పని. ఒక సాయంత్రం వచ్చి టిఫిను సంచి గడప మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నేను గడప పక్కనే కూర్చుని అచ్చనగిల్లలు ఆడుకుంటున్నాను. సంచి అంచు మీద ఏదో కదిలింది. చింతగింజంత ఉంది, మట్టిరంగులో ఉంది. ముందు కాళ్లు రెండూ ఎత్తి గాలిని తడుముతోంది. నా అరుపు విని అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. అరిచింది నేనే అయినా, ఎత్తిన చీపురు చూడగానే "కొట్టకు" అన్నదీ నేనే. అంతలో బాపు తడి కాళ్లతో వచ్చి దాని మీద స్టీలు గ్లాసు బోర్లించాడు.

"గదేంది?" అన్నాను.

ఆయనను నేను అడిగిన మొదటి మాట అది. నేను మాట్లాడింది తనతోనేనని ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టినట్టుంది. గ్లాసు మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశాడు.

"సాలెపురుగు పిల్ల. గుట్ట కాడ తవ్వుతుంటే బొరియ తెగింది. సంచిల ఎప్పుడు ఎక్కిందో ఏమో."

"పెద్దగైతదా?"

"అయితదేమో. నాకు దెల్వది."

పెద్దవాళ్లు తమకు తెలియదని ఒప్పుకోవడం అంతకుముందు నేను వినలేదు. అది నాకు నచ్చింది.

"మనం పెంచుకుందామా?" అన్నాను.

అమ్మ చీపురు ఇంకా దించలేదు. "ఇంట్ల పెడ్తరా దాన్ని? గా మస్కట్ ఎండకు నీకేమన్న పిచ్చి లేసిందా?" అని బాపును అడిగింది. బాపు లోపల ఖాళీగా ఉన్న పచ్చడి సీసా తెమ్మని నన్ను పంపాడు. దాన్ని బూడిదతో రుద్ది కడిగి, రేకుమూతకు మేకుతో చిల్లులు పొడిచి, సగానికి ఎర్రమట్టి నింపి, వేలితో చిన్న గుంత చేశాడు. చీపురుపుల్లతో మెల్లగా తోస్తే ఆ పిల్ల గుంతలోకి దిగి కనబడకుండా పోయింది. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. మూత తనే తీస్తాడు, లోపల చెయ్యి ఎవరూ పెట్టకూడదు. "కరుస్తదో కరువదో మనకు దెల్వది. మనం దాన్ని ముట్టొద్దు, గది మనల్ని ముట్టొద్దు" అన్నాడు.

దానికి ఏం పెట్టాలో ఇద్దరికీ తెలియదు. మొదట అన్నం మెతుకులు వేశాం. తర్వాత రొట్టె ముక్క, బెల్లం పలుకు, పాలలో ముంచిన దూది. అన్నీ బూజు పట్టాయి. చచ్చిన ఈగలు వేస్తే వాటిని తొక్కుకుంటూ పోయింది గాని మూతి కూడా ఆనించలేదు. బాపమ్మ వాకిట్లో కూర్చుని ఇదంతా గమనించి, "గదేమన్న చర్చికొచ్చిన చుట్టమా, రొట్టె వెట్టనీకి? మెసిలేదాన్ని ఎయ్యిండ్రి" అంది. మర్నాడు అమ్మ పని చేసే చోట సంచుల కింద దొరికిన చిన్న కీచురాయిని అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చాను. బాపు దాన్ని సీసాలోకి వదిలాడు. కీచురాయి మట్టి మీద తిరిగింది, మీసాలు ఊపింది, బొరియ అంచుకు వచ్చింది. ఆ తర్వాత జరిగింది నేను సరిగ్గా చూడలేకపోయాను, అంత వేగంగా జరిగింది. బొరియ అంచు దగ్గర ఒక కాలు మాత్రం మిగిలింది. నేనూ బాపూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయన నవ్వితే ముందు పళ్ల మధ్య సందు ఉంటుందని, అది నాకూ ఉందని అప్పుడే గమనించాను.

అక్కడి నుంచి మాకొక దినచర్య ఏర్పడింది. తినడం అది రోజూ చేసే పని కాదని, వారానికి ఒకటి రెండుసార్లు పెడితే చాలని మెల్లగా తెలిసింది. పొట్ట మినపగింజంత ఉంటే ఆకలి మీద ఉన్నట్టు, శనగగింజలా ఉబ్బితే ఇక వద్దన్నట్టు. ఒకసారి ఆత్రం కొద్దీ దానికంటే పెద్ద కీచురాయిని వేశాం. పాపం, సాలెపురుగు వేటాడటం మాని సీసా గోడ పట్టుకుని పైకెక్కి, మూత కింద ముడుచుకుని కూర్చుంది. బాపు పుల్లలతో కీచురాయిని బయటికి తీసి, "తప్పైంది" అన్నాడు, సాలెపురుగుతో. అప్పటి నుంచి దాని పొట్టకంటే చిన్నవే పట్టేవాళ్లం. తిని వదిలేసిన రెక్కలూ కాళ్లూ అలాగే ఉంచితే తెల్లటి పురుగు పడుతోందని వాటిని రెండు చీపురుపుల్లలతో ఏరి పారేసేవాళ్లం. మట్టి ఎండి రాయిలా గట్టిపడుతుంటే, బాపు కొబ్బరికాయల దుకాణం దగ్గర పారేసిన డొప్పలు తెచ్చి, రాతితో నలగ్గొట్టి, పీచు రాలిన పొట్టును మట్టిలో కలిపాడు. అందులో ఒక మూలనే నీళ్లు పోయాలి, మొత్తం తడపకూడదు. తాగడానికి సోడాసీసా మూతలో నీళ్లు.

ఆ వానాకాలమంతా మేమిద్దరం పురుగుల వెంట తిరిగాం. మొదటి ముసురు పట్టిన సాయంత్రాల్లో వీధి దీపం కింద ఉసిళ్లు కమ్ముకునేవి. పిల్లలంతా వాటి రెక్కలు నెత్తి మీద పోసుకుని ఆడుతుంటే నేను రెక్కలు రాలినవాటిని అగ్గిపెట్టెలోకి ఏరేదాన్ని. బతుకమ్మ రోజుల్లో సత్తెవ్వతో పాటు గుట్ట కిందికి తంగేడు పూలకు పోయేదాన్ని. ఆడవాళ్లు పూలు తెంపుతూ కొమ్మలు వంచితే మిడత పిల్లలు చిటచిటా ఎగిరేవి, నేను తువాలు విసిరి పట్టేదాన్ని. బాపు పని నుంచి వస్తూ జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఊపి వినిపించేవాడు. లోపల గీరుకుంటున్న చప్పుడు వింటే అది మిడతో, కీచురాయో, బొద్దింక పిల్లో నేను చెప్పాలి. చాలాసార్లు సరిగ్గానే చెప్పేదాన్ని. ఆయన పక్కన కూర్చోవడానికి నాకు ఇప్పుడు భయం లేదు. కానీ ఆయన్ను బాపూ అని మాత్రం పిలవలేదు. అవసరమైతే ఎదురుగా పోయి నిలబడేదాన్ని. ఆయన అది చాలన్నట్టే ఉండేవాడు.

చలి ముదిరాక సాలెపురుగు తినడం మానేసింది. కీచురాయి వేస్తే వెనక్కి తగ్గింది, జొన్నగింజంత పురుగును వేసినా కాళ్లతో నెట్టేసింది. తర్వాత బొరియ మూతిని లోపలి నుంచి మట్టి, దారాలు కలిపి మూసేసుకుంది. బాపు మట్టి మార్చాడు, నీళ్లు మార్చాడు, సీసాను వంటింటి గోడ దగ్గర వెచ్చగా పెట్టాడు. ఏమీ మారలేదు. "కొబ్బరి పొట్టు వడలేదేమో. నేనే ఖరాబు చేసిన" అని అమ్మతో అంటుంటే విన్నాను. అమ్మ అప్పటికి చీపురు ఎత్తడం మానేసింది. "జర చూడు, గదే తింటది" అంది.

క్రిస్మస్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం. అమ్మ యార్డుకు, బాపు పనికి పోయారు. బాపమ్మ ఎండలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నేను నీళ్లు చూద్దామని సీసా దగ్గరికి పోతే, సాలెపురుగు బొరియ బయట, పలుచటి తెల్లటి చాపలాంటి దారాల మీద, వెల్లకిలా పడి ఉంది. కాళ్లు పైకి ముడుచుకుపోయాయి. సీసా తట్టినా కదల్లేదు. బాపమ్మ వచ్చి, కళ్లు చికిలించి చూసి, "సచ్చింది బిడ్డా. ఇడిసిపెట్టు" అంది.

నేను సీసా ఎత్తుకోలేదు, చెప్పులు వేసుకోలేదు. యార్డు గోడ వెంబడి, ఎడ్లబండ్ల మధ్య నుంచి, గుట్ట దాకా ఉరికాను. అప్పటికి ఆ ఇంటికి గోడలు లేచాయి. మనుషులు పైన కట్టెల మీద నిలబడి ఇటుకలు అందించుకుంటున్నారు. అందరి తలలకూ తువాళ్లు చుట్టి ఉన్నాయి, అందరి ముఖాల మీదా సిమెంటు దుమ్ము ఉంది. ఎవరు ఎవరో తెలియలేదు. ఎదురుగా పోయి నిలబడదామంటే ఆయన ఎక్కడున్నాడో కనిపించలేదు.

"బాపూ!" అని అరిచాను. పని చేస్తున్నవాళ్లలో చాలామంది బిడ్డలున్నవాళ్లే, ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆయన తిరగలేదు. ఆ పిలుపు తనకని ఆయనకు తట్టలేదు. ఊపిరి తీసుకుని మళ్లీ అరిచాను. ఈసారి పక్కనున్న మనిషి ఆయన భుజం తట్టి, "నీ బిడ్డనే పిలుస్తుంది" అన్నాడు. ఆయన చేతిలోని ఇటుకను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, దాన్ని పట్టుకునే కిందికి దిగాడు.

"సచ్చిపోయింది" అన్నాను. ఆయన ఇటుక కింద పెట్టి, నన్ను చంకనెత్తుకుని ఇంటిదాకా గబగబా నడిచాడు. నేను ఎత్తుకునే వయసు దాటినదాన్ని. నా కాళ్లు ఆయన మోకాళ్లకు తగులుతున్నాయి. అయినా దించమనలేదు.

ఇంటికి చేరేసరికి సాలెపురుగు వెల్లకిలానే ఉంది గాని దాని ఒంటి పక్కన సన్నటి చీలిక కనిపించింది. బాపు నేల మీద బోర్లా పడుకుని సీసాకు కళ్లు ఆనించాడు. "ఆగు. సావలే. ఇది కుబుసం ఇడుస్తుంది" అన్నాడు. పాముల కుబుసం మేం చూశాం గాని సాలెపురుగుకు కూడా ఉంటుందని ఎవరికి తెలుసు? మేం ముగ్గురం, బాపమ్మ చాటతో సహా, సీసా చుట్టూ కూర్చున్నాం. వీపు మీది పెంకు మూతలా లేచింది. లోపలి నుంచి పాలరంగు ఒళ్లు బయటికి వచ్చింది. తర్వాత కాళ్లు, బిగుతైన స్వెట్టరు చేతుల్లోంచి చేతులు లాక్కున్నట్టు, కొంచెం లాగి, ఆగి, మళ్లీ కొంచెం లాగి. బాపు చెయ్యి సీసా మూత మీద ఉంది, సాయం చేయాలని ఆయనకు ఉన్నట్టుంది, కానీ తీయలేదు. చివరి కాలు బయటపడ్డాక అది పక్కకు ఒరిగి, తెల్లటి కొత్త కోరలతో, కదలకుండా పడుకుంది. పక్కన దాని పాత ఒళ్లు అచ్చంగా ఇంకో సాలెపురుగులా ఉంది.

"దేవునికి స్తోత్రం" అంది బాపమ్మ, చాట ఒళ్లో పెట్టుకుని. ఆమె ఆ మాట సాలెపురుగు గురించి అనడం విని అమ్మ తర్వాత చాలా రోజులు నవ్వింది.

కోరలు తెలుపు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నలుపుకు మారేదాకా దానికి తిండి పెట్టలేదు. మెత్తగా ఉన్నప్పుడు కీచురాయే దాన్ని కొరికేయవచ్చని బాపు అన్నాడు. పాత ఒంటిని దూదిలో పెట్టి అగ్గిపెట్టెలో దాచాం. ఆ రోజు నుంచి నేను ఆయన్ను బాపూ అనే పిలిచాను.

మరుసటి ఏడు మళ్లీ వీసా వచ్చింది. ఇక్కడి కూలీ పని ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. అమ్మ కడుపుతో ఉంది. ఆయన పోవాలనే నిర్ణయం ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు, నన్ను అడగలేదు. అమ్మ సకినాలు చేసి డబ్బాలో సర్దింది, బాపమ్మ పసుపు పొట్లం కట్టింది. బాపు ఆ పాత ఒళ్లున్న అగ్గిపెట్టెను అంగీ మడతల మధ్య పెట్టుకున్నాడు. బస్టాండులో నాతో ఆయన చెప్పిందంతా ఇదే: "మూతల నీళ్లు ఎండనియ్యకు. తినకుంటే భయపడకు. బాపమ్మ ఉన్నప్పుడే మూత తియ్యి." బస్సు కదిలాక కూడా కిటికీలోంచి చేత్తో మూత తిప్పుతున్నట్టు చూపించాడు.

శుక్రవారాల ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. అప్పటికి సత్తెవ్వ ఇంట్లో సెల్‌ఫోన్ వచ్చింది. ఇప్పుడు అమ్మకంటే ముందు నేనే అందుకునేదాన్ని.

"తిన్నదా?" అనేవాడు బాపు.

"తిన్నది. మిడత. తల మొదలు తిన్నది."

"నీళ్లు?"

"పోసిన. ఒక్క మూలకే పోసిన."

అంతకుముందు ఊపిరి తప్ప ఏమీ వినిపించని ఫోనులో ఇంత మాట్లాడుతుంటే సత్తెవ్వ ఆశ్చర్యపోయేది. మూత తీసే పని బాపమ్మది. చీరకొంగు చేతికి చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, "కానియ్యి, కానియ్యి" అంటూ తీసేది. కొన్నాళ్లకు ముఖం తిప్పుకోవడం మానేసింది. ఇంకొన్నాళ్లకు మధ్యాహ్నం బియ్యంలో పడ్డ పురుగులు ఏరి నా కోసం పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

తమ్ముడు పుట్టాడు, బోర్లా పడ్డాడు, పాకాడు. ఒకరోజు వాడు సీసా ఉన్న బల్ల కాలు పట్టుకుని నిలబడ్డాడు, బల్ల ఊగింది. అమ్మ చెయ్యి అడ్డు పెట్టకపోతే సీసా వాడి మీదే పడేది. సాలెపురుగు అప్పటికి కాళ్లు చాపితే పెద్ద నిమ్మకాయంత అయ్యింది. అమ్మ నన్ను కోప్పడలేదు. ఆ శుక్రవారం తనే బాపుకు చెప్పి, ఫోను నాకిచ్చింది.

"గుట్ట కాడ ఇడిసిపెట్టు బిడ్డా. గదాని జాగకు గది పోతది" అన్నాడు బాపు. నేను ఏడవలేదు. సరే అన్నాను.

బాపమ్మా నేనూ పొద్దున్నే పోయాం. గుట్ట వెనక వైపు, ఇళ్లు లేని చోట, పెద్ద బండరాయి కింద నీడలో బాపమ్మ గడ్డపారతో చిన్న బొరియ చేసింది. సీసాను పక్కకు పడుకోబెట్టి మూత తీశాం. అది చాలాసేపు రాలేదు. వచ్చాక కూడా అంచు మీద ఆగి, ముందుకాళ్లతో నేలను తడిమి చూసింది. తర్వాత బొరియలోకి దిగింది. బాపమ్మ కాసిన్ని నీళ్లు మట్టి మీద చల్లింది. ఆ తర్వాతి శుక్రవారం బాపు "పోయిందా మంచిగ?" అని అడిగితే "పోయింది" అన్నాను. ఆ రోజు ఇద్దరికీ చెప్పుకోవడానికి ఇంకేమీ దొరకలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. బాపమ్మ లేదు, గోటి మడతల గరిజెలు ఇప్పుడు మా ఇంట్లో అచ్చుతో ఒత్తుతున్నారు. బాపు మస్కట్ నుంచి వచ్చేసి ఆర్మూరులోనే ఉంటున్నాడు. నేను నిజామాబాద్‌లో ఒక బడిలో పని చేస్తున్నాను. పోయిన వానాకాలంలో ఇంటికి పోయినప్పుడు ఇద్దరం బండి మీద గుట్ట వెనక్కి పోయాం. బండరాయి లేదు, కంకరకు కొట్టేసినట్టున్నారు. బొరియలున్న ఎర్రమట్టిని చదును చేసి, ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. తంగేడు పొదలు లేవు, మిడతలు ఎగరలేదు. బాపు ఒక హద్దురాయి మీద కూర్చున్నాడు. ఆయన మస్కట్ సంగతులు ఎప్పుడూ చెప్పేవాడు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. ఆ రోజు అడగకుండానే మొదలుపెట్టాడు.

"మా రూంల ఏర్గట్లాయన, సిరికొండాయన, నవీపేటాయన ఉండేటోళ్లు. శుక్రవారం నేను ఫోన్ చేస్తుంటే అందరు చుట్టు కూసునేటోళ్లు. నేను పెట్టెయ్యంగనే 'తిన్నదా, తిన్నదా' అని అడిగేటోళ్లు. నీ సాలెపురుగు తిన్నదంటే గా దినం అందరికి మంచిగుండేది."

మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, నేను ఎన్నడూ చూడని మనుషులు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరని చెప్పాడు.

"ఇడిసిపెట్టినం అని నువ్వు చెప్పినవ్ సూడు, గా దినం సిరికొండాయన అడిగిండు, 'ఇగ నీ బిడ్డ నీతోని ఏం మాట్లాడ్తది' అని. నాకు బుగులైంది. వారమంతా పనిల మనసు లేదు. ఇగ నువ్వు ఫోన్ కాడికి రావనుకున్న."

"వచ్చిన కదా" అన్నాను. వచ్చానో లేదో నాకు నిజంగా గుర్తు లేదు.

"వచ్చినవ్" అన్నాడు బాపు. "లెక్కల పరీక్షల మార్కులు తక్కువొచ్చినయని చెప్పి మస్తు ఏడ్చినవ్. గంత సంతోషం నాకు మల్ల ఎన్నడు కాలే."